పది పేర్లలో మనకు మిగిలింది ఒకటి, అదీ పొల్లుతో

మా అపార్ట్‌మెంట్‌లో సాయంత్రం పూట ఎవరైనా బాల్కనీలోంచి "అర్జున్!" అని కేకేస్తే కింద ముగ్గురు పిల్లలు తలెత్తి చూస్తారు. పేరు మంచిదే. నా పేచీ చివర్లో ఉన్న ఆ పొల్లుతో.

చిన్నప్పుడు ఉరిమితే మా నాయనమ్మ చేతిలో చేట పక్కన పెట్టి, మమ్మల్ని వసారాలోంచి లోపలికి లాక్కుని "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని అందుకునేది. చెవులు మూసుకునే మేమూ అరిచేవాళ్ళం. ఉరుము ఎంతసేపు దొర్లితే ఆ దీర్ఘం అంతసేపు సాగేది. అదే "అర్జున్" అని సాగదీసి చూడండి, ఎక్కడ సాగుతుంది?

విరాటపర్వంలో జమ్మిచెట్టు దగ్గర ఉత్తరుడి అనుమానం, బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు తన పది పేర్లూ చెప్పి తానెవరో రుజువు చేసుకోవడం తెలిసిన కథే. ఆ కాలపు ఆధార్ వెరిఫికేషన్ అనుకోండి. కానీ ఆ అర్థాలు చూడండి. రెండు చేతులతోనూ విల్లు లాగగలడు కనుక సవ్యసాచి. యుద్ధంలో ఏవగింపు పుట్టించే పని చెయ్యడు కనుక బీభత్సుడు. పృథ కొడుకు కనుక పార్థుడు, అంటే తల్లి పేరే ఇంటిపేరు లాంటిది. నల్లని పిల్లాణ్ణి తండ్రి ముద్దుగా పిలుచుకున్నది కృష్ణుడని. మరి నల్లనివాడికి 'తెలుపు' అనే అర్థమున్న అర్జున నామం ఎందుకు? మచ్చలేని పనులు చేస్తాడు కనుక అని తనే చెప్పాడు. పిల్లల పేర్ల వెబ్‌సైట్లు మాత్రం 'తెలుపు, కాంతి' అని ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటనలా తేల్చేస్తాయి.

ఇంకో సరదా. అతను పుట్టింది ఫల్గుణీ నక్షత్రంలో. మన పంచాంగంలో ఉత్తర ఫల్గుణికి అక్షరాలు టే, టో, పా, పీ. నక్షత్రం ప్రకారమే పేరు పెట్టాలని పట్టుబట్టేవాళ్ళు పార్థుడనే పెట్టాలి!

అయినా తెలుగువాళ్ళు ఒక్క పేరుతో ఏనాడూ సరిపెట్టుకోలేదు. ఫల్గుణరావు, ధనుంజయ, కిరీటి, అర్జునరావు అందరూ మన మధ్య తిరిగినవాళ్ళే. ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి పాశుపతం సాధించిన విజయుడి పేరే విజయవాడకు వచ్చిందని అక్కడి స్థలపురాణం.

చిన్న పేరైతే పిలవడానికి సులువు, రేపు అమెరికా వెళ్తే ఇబ్బంది ఉండదు అంటారు. అమ్మానాన్నల టెన్షన్ నాకూ అర్థమవుతుంది. కానీ లియో, మార్కో, మరియా అని అచ్చులతో ముగిసే పేర్లు పిలవడానికి అక్కడివాళ్ళకు ఏ కష్టమూ లేదు. 'అర్జున' దగ్గరే నాలుక మడత పడుతుందా?

అసలు సంగతి వేరు. పదం చివరి అకారాన్ని మింగెయ్యడం హిందీ అలవాటు. అక్కడ రామ రామ్ అవుతాడు, శివ శివ్ అవుతాడు, వేదం వేద్ అవుతుంది. వాళ్ళ భాష తీరు అది, తప్పేమీ కాదు. మన తీరు అది కాదు. తెలుగు అజంత భాష, పదం అచ్చుతో ముగిస్తేనే మన నాలుకకు తృప్తి. ఇంగ్లీషు బస్‌ని బస్సు చేశాం, కార్‌ని కారు చేశాం, రోడ్‌ని రోడ్డు చేశాం. వచ్చిన ప్రతి పరాయి మాటకూ అచ్చు తొడిగి ఇంట్లోకి రానిచ్చిన వాళ్ళం, కన్నకొడుకు పేరుకున్న అచ్చును మాత్రం పీకేసుకున్నాం. ధాన్యంలో పొల్లంటే తాలు గింజ. పైకి గింజలాగే ఉంటుంది, లోపల బియ్యం ఉండదు. ఆ మాటనే మనవాళ్ళు అచ్చు లేని అక్షరం మీది గుర్తుకూ వాడారు.

మొన్న ఒక బారసాలకు వెళ్ళాను. పళ్ళెంలో బియ్యం పోశారు. తండ్రి ఉంగరంతో పెద్ద పెద్ద అక్షరాలు రాసుకుంటూ వచ్చి, 'న' దగ్గరికొచ్చేసరికి పళ్ళెం అంచు తగిలింది. పొల్లుకు చోటు లేదు. చెరిపి మళ్ళీ రాయాలా అన్నట్టు పురోహితుడి వైపు చూశాడు. "బాగానే ఉంది, చదవండి" అన్నాడాయన. తండ్రి పిల్లాడి చెవి దగ్గర వంగి, ఉన్నదున్నట్టే "అర్జున" అని మూడుసార్లు చదివాడు.