రువాండా పార్లమెంటు: "మగవాళ్లు పోయారు కాబట్టే" అన్న మాటకు ఖండన

మహిళా ఎంపీల వాటాలో ప్రపంచంలోనే ముందున్న ఆఫ్రికా దేశం రువాండా అనగానే ఒక జవాబు తిరిగి తిరిగి వస్తుంటుంది: "1994 మారణహోమంలో మగవాళ్లు పోయారు, మిగిలింది ఆడవాళ్లే. పైగా అన్నీ కోటా సీట్లు. ఇప్పుడు ఆ దేశాన్ని ఏలుతున్నది ఆడవాళ్లే." ఈ మూడింట్లో ఒక్కటీ నిలవదు.

మగవాళ్లు లేకపోవడం వల్లనే అయితే, కాలం గడిచి స్త్రీపురుషుల నిష్పత్తి సర్దుకునే కొద్దీ మహిళల సీట్లు తగ్గాలి. జరిగింది దానికి తలకిందులు. 80 మంది ఉండే దిగువసభలో 2003లో 39 మంది మహిళలు, 2008లో 45, 2013లో 51. 2018లో 49కి తగ్గి, 2024లో మళ్లీ 51కి వచ్చారు. 2012 జనగణనలో స్త్రీలు నూటికి 52 మందే. మరుసటి ఏడాది సభలో నూటికి దాదాపు 64 మంది. 1970ల చివర లక్షలమందిని బలిగొన్న నియంత పోల్‌పాట్ పాలన తర్వాత కంబోడియాలోనూ స్త్రీల సంఖ్యే ఎక్కువ. అయినా 1993లో ఎన్నికైన అక్కడి సభలో మహిళలు నూటికి పదిమంది కూడా లేరు. చావులు వాటంతట అవి ఎవరినీ పార్లమెంటులో కూర్చోబెట్టవు.

కూర్చోబెట్టింది ఏళ్ల తరబడి చేసిన పని. 1990ల నడుమ నుంచే ఊరి స్థాయి మొదలు దేశ స్థాయి దాకా మహిళా మండళ్లు ఏర్పడ్డాయి. 1999లో కూతుళ్లకు వారసత్వ హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. నిర్ణయాలు చేసే వ్యవస్థల్లో కనీసం 30 శాతం మహిళలు ఉండాలని 2003 రాజ్యాంగం రాసింది. ఈ శ్రమనంతా "మగవాళ్లు పోయారు" అన్న ఒక్క మాటతో తుడిచేయడం అన్యాయం.

ఇక కోటా. మన పంచాయతీల్లో లాగా మహిళలకు కేటాయించిన వార్డు, అక్కడ అందరూ ఓటేయడం అన్న పద్ధతి అక్కడ లేదు. మహిళలకు కేటాయించినవి 24 సీట్లు: తూర్పు, దక్షిణ, పడమటి రాష్ట్రాలకు ఆరేసి, ఉత్తరానికి 4, కిగాలీ నగరానికి 2. వీటికి ఓటేసేది స్థానిక కౌన్సిళ్ల సభ్యులు, మహిళా మండళ్ల కమిటీలవాళ్లు. యువతకు 2, వికలాంగులకు 1 పోగా మిగిలిన 53 సీట్లకు మాత్రమే సాధారణ ఓటరు ఓటేస్తాడు, అదీ పార్టీ జాబితాకు. ఓట్ల దామాషాలో, జాబితా పైనుంచి కిందికి సీట్లు దక్కుతాయి.

2024లో గెలిచిన 51 మందిలో 24 తీసేస్తే 27 మంది ఈ కోటా బయటివాళ్లే. జాబితాల్లోనూ 30 శాతం మహిళలు ఉండాలన్న నియమం ఉంది, నిజమే. కానీ ఆ పేర్లను అడుగున పెడితే ఒక్కరూ గెలవరు. ఎక్కువమంది గెలిచారంటే పార్టీలు వాళ్లను పైవరసల్లో పెట్టాయి.

"ఏలుతున్నది ఆడవాళ్లే" అన్న మూడో మాట అసలైన చిక్కు, దీన్ని మహిళల పక్షాన మాట్లాడేవాళ్లూ పొరపాటుగా వాడతారు. పగ్గాలు అధ్యక్షుడి చేతిలో ఉన్నాయి. పాల్ కగామే 2000 నుంచి ఆ పదవిలో ఉన్నారు. 2024లో ఆయనకు 99 శాతం ఓట్లు వచ్చాయని ప్రకటించారు. సభలో సంఖ్య పెరగడం వేరు, అధికారాన్ని నిలదీసే వీలుండడం వేరు. అధ్యక్ష పదవికి పోటీ చేయబోయిన డయాన్ ర్విగారా అనే మహిళ నామినేషన్‌ను 2017లోనూ, 2024లోనూ తిరస్కరించారు.