చెడు కబురు మీ బల్ల దాకా వస్తోందా?

అనంతపురంలో నేనొక ప్రింటింగ్ ప్రెస్ వ్యవహారాలు చూసుకునే రోజుల మాట. పెళ్లిళ్ల సీజన్. ఎనిమిది వందల శుభలేఖలు అచ్చయి, కట్టలు కట్టి, పెళ్లికూతురి తండ్రి తీసుకువెళ్లడానికి వచ్చాక బయటపడింది: ముహూర్తం పగలు 11.20కి అయితే, కార్డులో రాత్రి 11.20 అని ఉంది. మెషిన్ నడిపిన కుర్రాణ్ని పిలిచాను. తలెత్తకుండానే చెప్పాడు.

"ఇరవై కార్డులు పడగానే చూశాను సార్. పొద్దున కాగితం వృథా అయిందని అరిచారు కదా. మళ్లీ మెషిన్ ఆపితే ఏమంటారోనని..."

ప్రూఫ్ తెప్పించి చూస్తే తప్పు అందులోనే ఉంది. కింద సంతకం నాది.

ఇప్పుడు ఓ మాదిరి కంపెనీల్లో కూడా సూపర్‌వైజర్లకు భావోద్వేగ ప్రజ్ఞ మీద శిక్షణ ఇస్తున్నారు. 1990లో పీటర్ సాలోవే, జాన్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని నిర్వచించారు. తన మనసులోనూ ఎదుటివారి మనసులోనూ కదిలే భావాలను గుర్తుపట్టడం, దేనికది వేరుగా తెలుసుకోవడం, ఆ ఎరుకతో ఆలోచించి నడుచుకోవడం. అందులో చిరునవ్వు ప్రస్తావన లేదు. 1995లో డేనియల్ గోల్‌మన్ అనే రచయిత తన పుస్తకంతో దాన్ని జనంలోకి తెచ్చారు. మన శిక్షణ తరగతులకు చేరేసరికి అది మెత్తగా మాట్లాడటం, పుట్టినరోజుకు కేకు కోయించడంగా మిగిలింది. మెత్తగా మాట్లాడుతూనే మనుషులను వణికించే అధికారులను నేను చాలామందినే చూశాను.

నా కొలమానం వేరు. కింద జరిగిన పొరపాటు పైవాడికి ఎంతసేపట్లో తెలుస్తోంది? గంటలోనా, సరుకు వెనక్కి వచ్చాకనా? రాయదుర్గం జీన్స్ యూనిట్ల వంటి చోట్ల, పీసు లెక్కన కూలి ఇస్తే, కుట్టు విప్పి మళ్లీ కుట్టిన సమయానికి పైసా రాదు. వంకర పడిన జిప్పును దాచేయడానికి ఆ ఒక్క కారణం చాలు. దానికి మేస్త్రీ నోరు కూడా తోడైతే ఆ ప్యాంటు కట్టలోకి చేరిపోతుంది.

ఈ సీమలో పాత ఉదాహరణ ఒకటుంది. 1800లో నిజాం దత్త మండలాలను, అంటే ఇప్పటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాలను, ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. డేరాల్లో ఊరూరా తిరుగుతూ పని చేశాడు. ఆయన కాలపు శిస్తు తేలికైనదేమీ కాదు, ఆయన్ను దేవుణ్ని చేయనక్కరలేదు. కానీ వెళ్లిపోయే ముందు, తన చేతుల మీదుగా విధించిన శిస్తునే 25 శాతం తగ్గించాలని పైవాళ్లకు రాశాడు. అప్పట్లో వాళ్లు ఒప్పుకోలేదు. తన లెక్క బరువైందని తానే రాసి పంపడం ఏ కాలంలోనైనా అరుదు. రైతు ముఖం చూడకుండా, కచేరీలో కూర్చున్నవాడికి ఆ సంగతి అందదు.

శిక్షణ మధ్యవాడికే ఇచ్చి, పైనుంచి వచ్చే ఒత్తిడిని అలాగే ఉంచడం మరో సమస్య. ఆ ఉదయం నేను అరిచింది నిజానికి కాగితం గురించి కాదు. తొమ్మిదింటికి కాగితం వ్యాపారి ఫోన్ చేసి బాకీ అడిగాడు, ఆ వెంటనే యజమాని ఫోన్ చేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. అరిచే ముందు నా పళ్లు బిగుసుకుంటాయి, మెడ వేడెక్కుతుంది. నలభై ఏళ్లొచ్చాక గాని ఈ సంగతి గమనించలేదు. గమనించిన రోజు లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చేవాణ్ని. గమనించని రోజులూ ఉన్నాయి.

మెషిన్ ఆపినవాణ్ని ఎవరూ ఏమీ అనకూడదని ప్రెస్‌లో నియమం పెట్టాను. వారం తిరక్కుండానే ఆ కుర్రాడే ఆపాడు. తీరా చూస్తే తప్పేమీ లేదు, ఉత్త అనుమానం. పావుగంట పోయింది. నేను ఒక్క మాట కూడా అనలేదు, కానీ నా ముఖం ఎలా మారిందో అక్కడున్న నలుగురూ చూశారు. తర్వాత చాలా రోజులు ఎవరూ మెషిన్ ఆపలేదు.

రెండు నెలలకు అతను వేరే పని చూసుకుని వెళ్లిపోయాడు. శుభలేఖలు మా ఖర్చుతోనే మళ్లీ అచ్చు వేశాం, అతని జీతంలో రూపాయి కోయలేదు. తప్పు నాదని అతనితో అనడానికి మాత్రం నాకు నోరు రాలేదు.