డెబ్బై వారాల లెక్కలో వదిలేసిన అధ్యాయం

దానియేలు గ్రంథం తొమ్మిదో అధ్యాయంలోని చివరి నాలుగు వచనాలు తరతరాలుగా విశ్వాసులను లెక్కల్లో ముంచెత్తుతున్నాయి. కన్వెన్షన్ వేదిక వెనుక పెద్ద చార్టు కట్టి, కర్రతో చూపిస్తూ డెబ్బై వారాలను వివరించే ప్రసంగం తెలుగు సంఘాల్లో చాలామంది విన్నదే. యెరూషలేమును మరల కట్టించాలన్న ఆజ్ఞ మొదలు అభిషిక్తుని వరకు అరవై తొమ్మిది వారాలు, అంటే వారానికి ఏడేళ్ల చొప్పున 483 సంవత్సరాలు. మిగిలిన ఒక్క వారం ఏడేళ్ల శ్రమకాలం. అది ఎంత దగ్గరలో ఉందో ఇశ్రాయేలు వార్తలు చూసి గ్రహించాలి. పాఠకులకు తెలిసిన ఈ బోధను ఇక్కడ విస్తరించను. ఆ ప్రవచనం విడుదలను గురించి పలికిందనీ, తేదీల వేటలో మన వేదికలు ఆ విడుదలనే మరచిపోయాయనీ నా అభిప్రాయం.

ముందు లెక్క సంగతి చూద్దాం. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే మొదటి చిక్కు. యూదులు తిరిగి వెళ్లవచ్చని పారసీక రాజు కోరెషు ప్రకటన వెలువడిన క్రీ.పూ. 538 నుంచి లెక్కిస్తే యేసు పుట్టడానికి సుమారు అర్ధ శతాబ్దం ముందే 483 ఏళ్లు నిండిపోతాయి. తరువాతి పారసీక రాజు అర్తహషస్త ఇరవయ్యో ఏట యెరూషలేమును కట్టడానికి నెహెమ్యాకు అనుమతి దొరికిన క్రీ.పూ. 445 నుంచి లెక్కిస్తే క్రీ.శ. 39 వస్తుంది, అప్పటికి యేసుకు సిలువ శిక్ష వేసిన పిలాతు యూదయను వదిలి రెండు మూడేళ్లయింది. ఈ ఇబ్బందిని దాటడానికి 19వ శతాబ్దం చివర్లో లండన్ పోలీసు ఉన్నతాధికారి సర్ రాబర్ట్ ఆండర్సన్ ఏడాదికి 360 రోజులే అనుకుని, మొత్తం 1,73,880 రోజులు గుణించి, క్రీ.పూ. 445 మార్చి 14 నుంచి క్రీ.శ. 32 ఏప్రిల్ 6 వరకు లాక్కొచ్చారు. యేసు గాడిదపై యెరూషలేములో ప్రవేశించినది ఆ రోజేనన్నారు. నేటికీ మన వేదికల మీద వినిపించేది చాలావరకు ఈ లెక్కే. అయితే యూదులు అలాంటి ఏడాదితో పండుగలు చేసుకోలేదు. పస్కా వసంతకాలంలోనే రావాలి కనుక వారు చాంద్రమాన సంవత్సరానికి అవసరమైనప్పుడు అధికమాసం కలిపేవారు. 360 రోజుల ఏడాదినే పాటించి ఉంటే పస్కా ఏటా ఐదు రోజుల పైగా వెనక్కి జరిగి, ఇరవై ఏళ్లలోపే చలికాలంలోకి వెళ్లిపోయేది.

ఆపైన అరవై తొమ్మిది వారాలు ఎడతెగకుండా నడిచి, డెబ్బయ్యో వారం మాత్రం దాదాపు రెండు వేల ఏళ్లు ఆగిపోయిందట. 19వ శతాబ్దపు బ్రిటిష్ బోధకుడు జాన్ నెల్సన్ డార్బీ మాటలతో ఊపందుకుని, 1909లో వెలువడిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు ద్వారా ఊరూరా చేరిన ఈ విరామం గురించి ఆ నాలుగు వచనాల్లో ఒక్క మాటా లేదు. న్యాయంగా చెప్పాలంటే అవతలి పక్షానికీ లెక్క కుదరలేదు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో దేవాలయాన్ని అపవిత్రపరచిన గ్రీకు రాజు అంతియొకస్ నాటికి ఈ వారాలు ముగిశాయనే పండితులకు, యెరూషలేము కూలిన క్రీ.పూ. 587 నుంచి 538 వరకు మొదటి ఏడు వారాల నలభై తొమ్మిదేళ్లు చక్కగా సరిపోతాయి. అక్కడి నుంచి తరువాతి అరవై రెండు వారాల 434 ఏళ్లు లెక్కిస్తే, ఆ రాజు చనిపోయిన అరవై ఏళ్లకు, క్రీ.పూ. 104కు చేరతారు.

ఈ లెక్కలు కాగితం మీదే ఆగిపోతే నేనింత పట్టుబట్టను. దానియేలు ఎనిమిదో అధ్యాయంలోని 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, అర్తహషస్త ఎజ్రాను యెరూషలేముకు పంపిన క్రీ.పూ. 457 నుంచి లెక్కించిన న్యూయార్క్ రాష్ట్రపు రైతు విలియం మిల్లర్ మాట నమ్మి, అమెరికాలో వేలాది మంది 1844 అక్టోబర్ 22న ప్రభువు రాకడ కోసం ఎదురుచూశారు. కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. ఆ రాత్రి గడిచాక తెల్లవారేదాకా ఏడ్చామని వారిలో ఒకరైన హైరమ్ ఎడ్సన్ తరువాత రాసుకున్నారు. తీర్పు దినం 2011 మే 21 అని రేడియోలో ప్రకటించిన హెరాల్డ్ క్యాంపింగ్, మరుసటి ఏడాది అలా తేదీ చెప్పడం పాపమని ఒప్పుకున్నారు. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవన్న ప్రభువు మాటను వీరంతా కంఠతా చదివినవారే.

దీనికి వచ్చే జవాబును తేలిగ్గా తీసుకోలేం. దానియేలు మాటను చదువువాడు గ్రహించాలని మత్తయి సువార్త ఇరవై నాలుగో అధ్యాయమే చెబుతోంది. పైగా క్రీ.పూ. 457 నుంచి మామూలు సంవత్సరాలతో లెక్కిస్తే, యేసు పరిచర్య ఆరంభానికి దగ్గరగా క్రీ.శ. 27 వస్తుంది. ఆ పొందికలో దేవుని హస్తాన్ని చూసేవారి విశ్వాసాన్ని నేను గౌరవిస్తాను. కానీ తేదీ కుదరడంతో ప్రవచనం పని పూర్తయిందనుకోవడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

ఎందుకంటే ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో దానియేలే చెబుతున్నాడు. బబులోను చెర గురించి యిర్మీయా పలికిన డెబ్బై ఏళ్లను చదివి, ఉపవాసముండి, జనుల పాపాన్ని ఒప్పుకున్న తరువాతనే గబ్రియేలు దూత వచ్చాడు. ఆ డెబ్బై ఏళ్లూ దేశం తన విశ్రాంతి సంవత్సరాలను అనుభవించిందని రెండో దినవృత్తాంతాల చివరి అధ్యాయం వివరిస్తుంది. మాట వినకపోతే శిక్ష ఏడంతలవుతుందని లేవీయకాండము ఇరవై ఆరో అధ్యాయం హెచ్చరిస్తుంది. దానికి ముందరి అధ్యాయంలోనే సునాద సంవత్సరపు ఆజ్ఞ ఉంది: ఏడేడుల నలభై తొమ్మిదేళ్లు గడిచాక బూర ఊదాలి, అమ్ముకున్న భూమి సొంతదారుకు తిరిగి రావాలి, అప్పుకు దాసుడైనవాడు తన ఇంటికి వెళ్లిపోవాలి. డెబ్బై ఏడులు 490. అంటే పది నలభై తొమ్మిదులు, పది సునాదాలు. ఇది నా ఊహ కాదు. 1956లో మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ పదకొండో గుహలో దొరికిన మెల్కీసెదెకు అనే ప్రాచీన యూదుల గ్రంథపు చుట్ట, పదో సునాదంలో బందీలకు విడుదల ప్రకటించబడుతుందని చెబుతూ లేవీయకాండాన్నీ యెషయానూ దానియేలునూ ఒకే దారానికి గుచ్చింది. పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడిగినప్పుడు యేసు ఏడును డెబ్బైతో కలిపి జవాబిచ్చి, ఆ వెంటనే చెప్పిన ఉపమానం కూడా పదివేల తలాంతుల అప్పు రద్దు గురించినదే.

మన చార్టులన్నీ నెహెమ్యా రెండో అధ్యాయం నుంచి తేదీ తీసుకుని అక్కడే పుస్తకం మూసేస్తాయి. ఐదో అధ్యాయంలో అదే నెహెమ్యా, అదే గోడ కడుతుండగా, జనం వచ్చి మొరపెట్టుకుంటారు: క్షామంలో ధాన్యం కోసం పొలాలూ ద్రాక్షతోటలూ ఇళ్లూ కుదువ పెట్టాం, రాజుగారి పన్ను కట్టడానికి అప్పు చేశాం, మా కొడుకులనూ కూతుళ్లనూ దాసులుగా అప్పగిస్తున్నాం. నెహెమ్యా ప్రధానులను అందరి ఎదుటా నిలదీశాడు. తిరిగి ఇచ్చేయమన్న వాటిలో పొలాలతో పాటు వారు తీసుకుంటున్న నూరవ భాగమూ ఉంది. దాన్ని నెలసరి వడ్డీగా చెప్పుకునే వ్యాఖ్యాతల లెక్కన అది మన పల్లె భాషలో నూటికి రూపాయి. మన ఊళ్లలో కౌలు రైతు నూటికి రెండు, మూడు రూపాయలకు అప్పు తెచ్చి, ఆదివారం గుడికి వచ్చి, డెబ్బయ్యో వారం గురించి విని వెళుతున్నాడు.

తెలుగు సంఘం ఈ అధ్యాయాన్ని మరచిపోకూడని కారణం ఇంకొకటి ఉంది. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చిన మాదిగ కుటుంబాలకు కూలి ఇప్పించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తరువాత 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కోస్తాలోని ఎన్నో సంఘాలు ఆ కరవు కాలపు భూమిలేని కూలీల సంతానమే. ఆ ప్రజల మనుమలకు, మునిమనుమలకు ప్రవచనం బోధించే దైవసేవకులు అంత్యక్రీస్తు ఎవరన్న ఊహాగానాల కన్నా ముందు యిర్మీయా ముప్పై నాలుగో అధ్యాయం తెరవాలి. యెరూషలేము ముట్టడిలో ఉండగా యూదా చివరి రాజు సిద్కియా కాలపు ధనవంతులు దాసులను విడిపించి, మళ్లీ పట్టుకొచ్చి లోబరచుకున్నారు. విడుదల చాటింపులో మీరు నా మాట వినలేదు గనుక ఖడ్గానికీ తెగులుకూ క్షామానికీ మిమ్మల్ని విడిచిపెడుతున్నానని దేవుడు పలికింది అక్కడే. చెర ఎందుకు వచ్చిందో, దానియేలు చదివిన ఆ డెబ్బై ఏళ్లు ఎందుకు మొదలయ్యాయో ఆ అధ్యాయం పేరు పెట్టి మరీ చెబుతోంది.