కలరైజ్ బటన్ గారి దివ్యసముఖమునకు

కంప్యూటర్లో కొలువుండి పాత నలుపుతెలుపు ఫొటోలకి రంగులద్దే మహారాజరాజశ్రీ కలరైజ్ బటన్ గారికి, విజయనగరం నుంచి ఒక మనవడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, అమ్మమ్మ తప్ప. ఆవిడ పోయి చాలాకాలమైందనుకోండి. నిన్న సాయంత్రం తమ చేతిలో మరోసారి పోయింది.

మేం అడిగింది చిన్న పని. తద్దినం నాటికి గోడకి పెట్టుకోవాలి, అమ్మమ్మా తాతయ్యా ఉన్న పాత ఫొటోకి కాపీ తీసి, మూలనున్న చిరుగు అతికించి, కాస్త పెద్దది చెయ్యమన్నాం. "అరగంట సార్" అన్నాడు స్టూడియో కుర్రాడు. మధ్యాహ్నమంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ పాస్‌పోర్ట్ ఫొటోలన్నీ చూశాక కవరు చేతికొచ్చింది. ఇంటికి తెస్తే మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఎవుల్రా ఈవిడ?" అంది.

తమ కళాదృష్టికి జోహార్లు. తాతయ్య భుజాన ఉన్నది పొందూరు ఖద్దరు కండువా. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకు చేసి, వడికి, నేసిన తెల్లటి బట్ట. తమరు ఒక్క నొక్కుతో దానికి లేత నీలం పట్టించారు. నీలిమందు ఎక్కువైందని ఏ చాకలినైనా తిట్టొచ్చు, తమరిని ఎక్కడ పట్టుకోవాలి?

బొట్టు సంగతి. ఆ కాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనపడదు. డార్క్‌రూములో ఎర్ర బల్బు కింద ప్రింట్లు వేసుకోగలిగేదీ అలాంటి కారణంతోనే, కాగితానికి ఆ వెలుతురు ఆనదు. అందుకని పాత ఫొటోల్లో కుంకుమ నల్లగా పడుతుంది. అది చూసి మా ఇళ్ళలో ఎవరూ నల్లబొట్టు అనుకోలేదు. తమరు అనుకున్నారు.

ఇక చీర. ఆ చీర వంకాయరంగుదని మా అమ్మ, మిరపపండు రంగుదని మా పిన్ని. బొంతలో కలిసిపోయేదాకా ఇద్దరూ ట్రంకుపెట్టెలో చూసినదే. అయినా ఏటా తద్దినం వంటల మధ్య ఈ తగువు ఉండాల్సిందే. "నాకు తెల్దేటి? నాను కట్టుకున్నాను కదే" అని పిన్ని, "నువ్వు కట్టినాటికి వెలిసిపోనాది" అని అమ్మ. ఫొటో ఇద్దరినీ కాదనేది కాదు. తమరొచ్చి చిలకపచ్చ అని తీర్పు చెప్పేశారు.

ఏ ఆధారంతో చెప్పారు స్వామీ? రంగు ఫొటోని నలుపుతెలుపు చేసేటప్పుడు కంప్యూటరు మామూలుగా ఆకుపచ్చని 59 పాళ్ళు, ఎరుపుని 30, నీలాన్ని 11 పాళ్ళు తీసుకుని కలిపేస్తుంది. అలా కలిపితే ఎన్నో రంగులు ఒకే బూడిదరంగు దగ్గర తేలతాయి. మొత్తం డెబ్బై అని చెప్పి, ఏయే అంకెలు కూడారో చెప్పమంటే ఎవడు చెప్పగలడు? తమరు మాత్రం తడుముకోకుండా చెబుతారు. తమకి నేర్పిన లక్షల ఫొటోల్లో ఎక్కువమంది ఏం కట్టుకున్నారో అదే మా అమ్మమ్మకీ కట్టారు.

ఇదంతా ఓర్చుకునేవాణ్ణి. చెంపలు ఏవి?

అమ్మవారు పోసి బతికిన మనిషి ఆవిడ. రెండు చెంపల మీదా మచ్చలు. ఆ ఫొటో తీసినాయన ఎవరోగానీ, వెలుగు పక్కనుంచి పడేట్టు కూర్చోబెట్టాడు. ఒక్కో గుంటకి ఒక అంచు తెల్లగా, లోపల చిన్న నీడ. రంగు లేదు కాబట్టి కన్ను చీర మీదికీ నగల మీదికీ పోదు, తిన్నగా ఆ చెంపల మీదికే పోతుంది. దాచుకోవాలని తల తిప్పలేదు ఆవిడ. కెమెరా వైపే చూసింది. అదీ ఆ ఫొటో బలం. నువ్వు (ఇంక తమరూ గిమరూ లేదు) దాన్ని మురికనుకుని తుడిచేశావు. మైనం బొమ్మకి ఉన్నట్టు నున్నటి చెంపలు పెట్టావు. ఆ మశూచి జబ్బు 1975 తర్వాత ఈ దేశంలో లేదు, అలాంటి ముఖాలు ఇక పుట్టవు. మిగిలిందే ఇలాంటి ఫొటోల్లో. అక్కడ కూడా ఉంచవా?

"చిన్నప్పుడు ఏలుతో ఆ గుంటలన్నీ కలిపి ముగ్గేసీదాన్నిరా" అంది మా అమ్మ. ఏ బటన్ నొక్కితే అది వెనక్కొస్తుందో చెప్పు.

పైగా నవ్వొకటి! "కొంచెం స్మైల్ పెట్టాను సార్, ఇంకో రెండొందలిస్తే రెప్ప కూడా కొట్టిస్తాను" అన్నాడు కుర్రాడు, ప్రేమగానే. ఆవిడ ఫొటోలో నవ్వలేదు. నవ్వాలనుకుంటే నవ్వేది.

రంగంటే నాకు కోపమని చెప్పుకు తిరగకు. 1984లో భోపాల్ గ్యాస్ దుర్ఘటనలో పోయి, పూడుస్తుంటే మట్టిలోంచి కనిపించే ఆ పసిబిడ్డ ముఖాన్ని ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ నలుపుతెలుపులో తీశాడు, పాబ్లో బర్తలోమ్యూ రంగుల్లో తీశాడు. రంగుల ఫొటోకే ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది. రెండూ చూడలేం, రెండూ మరిచిపోలేం. వాళ్ళిద్దరూ ఎదురుగా నిలబడి, ఏం చూపించాలో తేల్చుకుని తీశారు. నువ్వు ఎక్కడ నిలబడ్డావు?

అన్నట్టు ఫోనులో ఉన్న మీ తమ్ముడు, బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్‌ని కూడా అడిగానని చెప్పు. ఫోకస్ తప్పిన పెళ్ళి ఫొటోలన్నింటికీ ఆయన్ని తొడిగి క్లాసిక్ అంటున్నారు. మొహం మీద సూటిగా ఫ్లాష్ కొట్టి, నీడంటూ లేకుండా చేసిన ఫొటోలో రంగు తీసేస్తే మిగిలేది బూడిద.

చిరుగు మాత్రం బాగా అతికించావు, కాదనను. అతుకెక్కడో భూతద్దం పెట్టి వెతికినా దొరకలేదు. ఆ పనితో ఆగి ఉంటే నీకు రెండు చేతులా దండం పెట్టేవాణ్ణి.

ఇట్లు,
మచ్చలావిడ మనవడు

తా.క.: రేపు పొద్దున్నే షాపు తెరిచేసరికి వస్తున్నాను. చిరుగు వరకే, ఇంకేం ముట్టుకోకూడదు. మళ్ళీ నవ్విస్తే డబ్బులివ్వను.