ఎంటర్‌ప్రైజ్ నౌక బ్రిడ్జి గారికి ఒక నిద్రలేనివాడి ఉత్తరం

మహారాజశ్రీ యు.ఎస్.ఎస్. ఎంటర్‌ప్రైజ్, ఎన్‌సీసీ-1701 నౌక వారి బ్రిడ్జి గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం, నాకు నిద్ర మాత్రం లేదు.

మర్యాదలు ఇంతటితో చాలు, ఇక నువ్వు అనే పిలుస్తా. 1966 సెప్టెంబర్ 8న అమెరికా టీవీలో నీ కథ, అదే ‘స్టార్ ట్రెక్’ అనే అంతరిక్ష సీరియల్, మొదలైంది కాబట్టి వయసులో నాకంటే పెద్దదానివే, కానీ రాత్రి రెండింటి దాకా నీ ప్లాన్ మీద కోణమానిని పెట్టుకుని కూర్చున్నవాడికి నీ దగ్గర మొహమాటం ఏముంటుంది? (మా ఇంట్లో బ్రిడ్జి అంటే రాజమండ్రి బ్రిడ్జే. కెప్టెన్ కూర్చుని నౌకని నడిపించే గదిని కూడా బ్రిడ్జి అంటారని చెప్పీ చెప్పీ వదిలేశా.)

సరే, విషయం నీ లిఫ్టు తలుపు.

బయటి నుంచి చూస్తే నీ నెత్తిన గుండ్రటి డోము, దాని వెనక సరిగ్గా మధ్యలో చిన్న బుడిపె. అది లిఫ్టు గొట్టమేనని నీ అభిమానుల్లో చాలామందిమి ఎప్పుడో తీర్మానించుకున్నాం. లోపలికొచ్చి చూస్తే తలుపు కెప్టెన్ కుర్చీకి నేరుగా వెనక లేదు, ఆయన ఎడమ భుజం వైపుకి జరిగి ఉంది. మామూలు మనిషైతే సెట్టు వేసినవాళ్ళు చూసుకోలేదులే అనుకుని టీ పెట్టుకోడానికి లేస్తాడు. మనం అలాంటి వాళ్ళం కాదుగా. 1975లో ఫ్రాంజ్ జోసెఫ్ అనే ఆయన నౌక మొత్తానికీ అంతస్తుల వారీగా ప్లాన్లు గీసి అచ్చు వేయించాడు, అందులో తలుపుని బుడిపెలోకి తేవడం కోసం నిన్ను ఉన్నపళంగా 36 డిగ్రీలు ఎడమకి తిప్పేశాడు. అంటే నౌక ముందుకి పోతుంటే కెప్టెన్ కిర్కూ, ఆయన ముందు కూర్చుని నడిపే ఇద్దరూ, అందరూ షేర్ ఆటోలో పక్క సీటు దొరికినవాళ్ళలా ఓరగా కూర్చుని నక్షత్రాలన్నీ తిరిగొచ్చారన్నమాట!

అప్పట్నుంచీ మాలో రెండు పార్టీలు. తిప్పాలనేవాళ్ళు, తిప్పకూడదనేవాళ్ళు. తిప్పకూడదనేవాళ్ళు ఆ బుడిపె లిఫ్టే కాదు, ఇంకేదో యంత్రం అంటారు. ఏం యంత్రమయ్యా అంటే జవాబు ఉండదు. తిప్పాలనేవాళ్ళు, గురుత్వాకర్షణని కూడా సొంతంగా పుట్టించుకునే నౌకలో ఎటు తిరిగి కూర్చుంటే ఏంటి అంటారు. మా పెదనాన్న వీధిపోటు ఉందని ఇంటి గేటు రెండుసార్లు మార్పించాడు. అంత నమ్మకం ఉన్నవాడు కూడా గేటు మార్చాడు గానీ ఇల్లు తిప్పలేదు.

నేనూ తక్కువవాణ్ణి కాదులే. ప్రింటు తీసి, మా పాప జామెట్రీ బాక్సులోంచి కోణమానిని దొంగిలించి కొలిస్తే 34 వచ్చింది. గోడలు పది ముక్కలు, 360ని పదితో భాగిస్తే 36 రావాలి. ప్రింటు వంకర వచ్చిందా, కోణమానిని అరిగిందా అని మళ్ళీ కొలిచా. 37. పొద్దున పాప కోణమానిని వెతుక్కుంటుంటే నేనూ వెతికినట్టు నటించా.

ఇంతా చేస్తే అసలు సంగతి ఏమై ఉంటుంది? తలుపు నేరుగా కుర్చీ వెనక ఉంటే లోపలికొచ్చే ప్రతివాడూ కెప్టెన్ తలకాయ చాటున పడతాడు, కెమెరాకి కనపడడు. అంతే. నీ గోడలు కూడా కెమెరాకి అడ్డమొస్తే ముక్కలుగా ఊడదీసి పక్కన పెట్టేలా చేసినవే. నిన్ను గీసిన మ్యాట్ జెఫ్రీస్ స్వయానా విమానాలు నడిపిన మనిషి. ఒకప్పుడు అమెరికా విమానాల మీద ఉండిన ‘ఎన్‌సీ’కి ఇంకో ‘సీ’ తగిలించాడు, దూరం నుంచి చూస్తే ఒకదానికొకటి పోలినట్టుండే 3, 6, 8, 9 అంకెలు వదిలేసి 1701 అన్నాడు. మావాళ్ళు ఊరుకుంటారా, ఆ ఎన్‌సీసీకి ‘నావల్ కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్ట్’ అని అర్థం కనిపెట్టారు.

ఇక నీ పుట్టింటి గొడవ. లిఫ్టు పక్కన గోడకి కొట్టిన పలకమీదేమో శాన్ ఫ్రాన్సిస్కో అని ఉంది. సీరియల్ గురించి 1968లో వచ్చిన పుస్తకంలో విడిభాగాలు అక్కడ తయారయ్యాయి, బిగించింది అంతరిక్షంలో అని రాశారు. 2009 సినిమాలో చూస్తే అయోవాలో నేలమీదే కడుతున్నారు. అదే పలకమీద నౌక రకం ‘స్టార్‌షిప్ క్లాస్’ అని కంటికి కనపడుతున్నా, కాదు ‘కాన్‌స్టిట్యూషన్ క్లాస్’ అని మేమే పట్టుబట్టాం. విచిత్రం చూడు, నాసా తన మొదటి స్పేస్ షటిల్‌కి కాన్‌స్టిట్యూషన్ అనే పేరే అనుకుంది. అభిమానులు వైట్‌హౌస్‌కి కట్టలకొద్దీ ఉత్తరాలు రాసి 1976లో దాన్ని ఎంటర్‌ప్రైజ్‌గా మార్పించారు. పేరు సాధించాం. పాపం ఆ షటిల్ గాల్లో పరీక్షలకే పరిమితమైంది, అంతరిక్షం మొహం చూడలేదు.

నీ ఎడమ పక్క సంగతి ఎత్తనులే, పరువు తక్కువ. స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న, షూటింగులో వాడిన 11 అడుగుల నమూనాకి, గోడకి ఆనించే బీరువా వెనక రంగు వెయ్యనట్టు, ఎడమ పక్కన పనే పూర్తి చెయ్యలేదు. దీపాల వైర్లు అటువైపు నుంచే లోపలికి వెళ్ళేవి. దీనికి ఇంకా ఎవరూ సిద్ధాంతం రాయకపోతే నాకు చెప్పు, శనివారం ఖాళీయే.

ఒక్కటి మాత్రం అడగాలని ఉంది. భవిష్యత్తులో తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని మమ్మల్ని నమ్మించావు కదా, అప్పట్లో వాటిని చాటునుంచి చేత్తో లాగింది సెట్టులో పనిచేసే మనుషులే. అంటే మేం యాభై ఏళ్ళుగా కొట్టుకుంటున్న ఆ లిఫ్టు వెనక నిజంగానే ఒకాయన నిలబడేవాడు. ఆయన నిలబడ్డ చోటు బుడిపెకి ఎటువైపు ఉండేదో, కాస్త కనుక్కుని రాయి. కోణమానిని తిరిగి పెట్టెయ్యాలి, సోమవారం పాపకి లెక్కల పరీక్ష.

ఇట్లు,
తిప్పాలనే పార్టీలో చేరి, ఈమధ్యే అనుమానం మొదలైనవాడు