పిచ్ కౌంట్ గారికి, మూడో నంబరు గ్రౌండ్ నుంచి

మహారాజశ్రీ పిచ్ కౌంట్ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

అంటే, రెండో నంబరు గ్రౌండ్‌లో కుశలమే. అక్కడ మా అబ్బాయి బేస్‌బాల్ ఆడతాడు, పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఎన్ని బంతులు వేశాడో లెక్కపెట్టి హద్దు చెప్పే తమరు ప్రతి ఆటకీ ఠంచనుగా వస్తారు. ఈ ఉత్తరం మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ ఆడే మూడో నంబరు గ్రౌండ్ గురించి. రెండిటికీ మధ్య ఒక్క ఇనుప కంచె అడ్డం. ఆ కంచె దాటి తమరు ఇటు అడుగు పెట్టిన పాపాన పోలేదు.

మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. మావాడికి పదకొండేళ్లు. వాడు బంతి వేసినప్పుడల్లా స్కోరు రాసే ఆవిడ చేతిలో క్లిక్కర్ టక్‌మంటుంది. 85 వచ్చాయంటే ఎదురుగా ఉన్న బ్యాటర్ సంగతి తేల్చి దిగిపోవాల్సిందే. 66 వేశాడా, నాలుగు రోజులు పిచింగ్ మాట ఎత్తకూడదు. 2007లో పిల్లల లీగులు నడిపే లిటిల్ లీగ్ బేస్‌బాల్ తమరిని కొలువులో పెట్టుకుంది. 2017 నుంచి హైస్కూల్ బేస్‌బాల్‌లో కూడా ప్రతి రాష్ట్రమూ తమరికి కుర్చీ వేయాల్సిందేనన్నారు. 80 దాటితే మా కోచ్ మొహంలో టెన్షన్ చూడాలి, అచ్చం ఇన్‌కంటాక్స్ వాళ్లు వచ్చినట్టే.

గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో మా అమ్మకి తమరి పేరు చెబితే "పిచ్చి లెక్కా? అదేంట్రా?" అంది. రెండు గ్రౌండ్లూ చూశాక కూడా ఆ మాట మార్చలేదు.

మా అమ్మాయికి పన్నెండేళ్లు, సాఫ్ట్‌బాల్ పిచర్. 40 అడుగుల దూరం నుంచి, 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతిని, చేతిని గిర్రున ఒక చుట్టు తిప్పి కింద నుంచి విసురుతుంది. 'చెయ్యి తిరిగిన' అంటే మన భాషలో పొగడ్త, ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పడమే. ఆ బంతిలో 'సాఫ్ట్' ఎంతుందో బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని రోజూ పట్టే నా అరచేతిని అడగండి.

తమరు ఇటెందుకు రారని నేను అడగని మనిషి లేడు. అందరిదీ ఒకటే జవాబు: "అండర్‌హ్యాండ్ కదండీ, సహజమైన కదలిక. భుజానికేమీ కాదు." నేనూ నమ్మాను, మా అమ్మ నమ్మలేదు. "చెయ్యి గుండ్రంగా తిరగడం అంత సహజమైతే, ముప్పై ఏళ్లు రుబ్బురోలు తిప్పిన నా భుజం ఎందుకు పోయిందిరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తమరి దగ్గరుంటే రాయండి.

అమ్మ మాట పక్కన పెట్టండి, ఆవిడ డాక్టరు కాదు. పిల్లల ఈ చెయ్యి తిప్పే విండ్‌మిల్ పిచింగ్‌ని కొలిచిన పరిశోధకులు 2005లోనే చెప్పారు, భుజం మీదా మోచేతి మీదా పడే బలాలు బేస్‌బాల్ పిచర్ల స్థాయిలోనే ఉన్నాయని. పైనుంచి విసిరేటప్పటికంటే ఇలా తిప్పి వేసేటప్పుడే బైసెప్స్ కండరం ఎక్కువ కష్టపడుతుందని 2009లో ఇంకొకరు తేల్చారు. మోచేతి ఆపరేషన్లు మగపిల్లలకే ఎక్కువన్న మాట నిజమే, కాదనను. కానీ భుజం కూడా మనిషికి ఉన్నవి రెండే.

ఈ వయసు పిల్లకి ఆటకి 65, రోజుకి 95 బంతులు దాటొద్దని క్రీడా వైద్యుల సలహా పట్టిక ఒకటుంది. సలహా కాబట్టి ఫ్రిజ్ మీద అంటించుకున్నాం. లిటిల్ లీగ్ సాఫ్ట్‌బాల్ రూలు అయితే బంతులు లెక్కపెట్టదు, ఇన్నింగ్స్, అంటే అవతలివాళ్లు ముగ్గురు అవుటయ్యేదాకా సాగే విడతలు, లెక్కపెడుతుంది. రోజుకి 12 దాకా వేయొచ్చు, 7 వేస్తే మర్నాడు విశ్రాంతి. ఒక ఇన్నింగ్స్ ఎనిమిది బంతుల్లో అయిపోవచ్చు, నలభై దాకా సాగొచ్చు. ముద్దలు ఎన్ని తిన్నావని అడక్కుండా ఎన్నిసార్లు విస్తరి ముందు కూర్చున్నావని అడగడం లాంటిదిది.

తమరు రాలేదని అమ్మే ఆ డ్యూటీ ఎత్తుకుంది. మడత కుర్చీ, గొడుగు, ఒళ్లో 108 పూసల తులసిమాల. బంతికో పూస. పక్కనున్న అమెరికన్ తల్లులు ఆవిడ మా జట్టు గెలుపు కోసం జపం చేస్తోందనుకుని గౌరవంగా మాట్లాడటం తగ్గించారు. మొన్న ఆ రూలు కూడా వర్తించని ఒక టోర్నమెంట్లో శనివారం మూడు ఆటలు, మొత్తం 12 ఇన్నింగ్స్. మాల రెండుసార్లు పూర్తయింది, పైన పాతిక పూసలు. ఆదివారం ఇంకో మాలన్నర. కలిపితే 403.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచర్ యుకికో ఉఎనో రెండు రోజుల్లో మూడు ఆటలు ఆడి 413 బంతులు వేసింది. జపాన్‌లో ఆ అంకె ఇప్పటికీ ఒక పురాణం. ఆమెకప్పుడు ఇరవయ్యారేళ్లు, దక్కింది స్వర్ణ పతకం. మా పిల్లకి పన్నెండు, పది బంతులు తక్కువ, దక్కింది వేలికి వదులైన ఉంగరం ఒకటి.

తప్పంతా తమరి మీదే తోసేస్తున్నానని అనుకోకండి. ఆదివారం ఆఖరి ఇన్నింగ్స్ ముందు కోచ్ "ఇంకా వేయగలవా?" అని అడిగితే అమ్మాయి నా వైపు చూసింది. ఒక్క పరుగు ఆధిక్యం, మాకు రెండో పిచర్ లేదు. నేను తల ఊపాను. అమ్మ మాల తిప్పడం ఆపి నన్ను చూసింది, ఏమీ అనలేదు.

సోమవారం పొద్దున జడ వేసుకోవడానికి దాని చెయ్యి పైకి లేవలేదు. నాయనమ్మే వేసింది. బుధవారం సాయంత్రం నేను మళ్లీ బకెట్ బయటికి తీశాను, చూసి లోపల పెట్టేశాను. పెట్టేశానని గొప్పగా చెప్పడం లేదు, శుక్రవారం మళ్లీ తీశాను.

అమ్మకి వచ్చే నెల తిరుగు టికెట్ ఉంది. మాల మాత్రం మడత కుర్చీకి తగిలించి వెళ్తానంటోంది, తమరు వచ్చేదాకా వాడుకోమని.

ఈ శనివారం ఎనిమిదింటికి మొదటి ఆట. కంచెకి ఎడమవైపు చిన్న గేటుంది, తాళం వేయరు.

ఇట్లు,
బకెట్ మీద కూర్చునే ఒక నాన్న