ఆ ఐదు ల్యాప్‌లు హంగామా కాదు

కారు రేసుల్లో నివాళుల గురించి ఇటీవల వచ్చిన వ్యాసంలో, తోటి డ్రైవర్ చనిపోయాక మిగతావాళ్లు మళ్లీ ట్రాక్ మీదికి రావడం టీవీ కోసం చేసే హంగామా అని వ్యాసకర్త రాశారు. నేను ఒప్పుకోను. 2011 అక్టోబర్ 16న లాస్ వెగాస్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అమెరికాలో జరిగే కారు రేసుల సిరీస్ ఇండీకార్. ఆ రోజు రేసులో 11వ ల్యాప్‌లో, అంటే ట్రాక్ చుట్టూ పదకొండో చుట్టులో, 15 కార్లు గుద్దుకున్నాయి. బ్రిటిష్ డ్రైవర్ డాన్ వెల్డన్ కారు గాల్లోకి లేచి ఫెన్సింగ్‌కు తగిలింది. ఆయన ఇక లేరని తెలిశాక మిగతా రేసు రద్దు చేశారు. అంతటితో డ్రైవర్లు వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ వాళ్లు వరసకు ముగ్గురు చొప్పున, నెమ్మదిగా ఐదు ల్యాప్‌లు తిరిగారు. కార్ల స్థానాలు చూపే స్కోర్ టవర్ మీద ఆయన కారు నంబర్ 77 ఒక్కటే. తోటి డ్రైవర్ టోనీ కనాన్ తల పట్టుకుని ఏడవడం చూసినవాళ్లెవరైనా దాన్ని హంగామా అనగలరా? కాసేపటి క్రితమే స్నేహితుణ్ని పొట్టనపెట్టుకున్న ట్రాక్ అది. మళ్లీ హెల్మెట్ పెట్టుకుని కారులో కూర్చోవడానికి ఎంత గుండె దిటవు కావాలి!

ఇంకో మాట. నివాళి ఆ రోజుతో ఆగలేదు. అదే ఏడాది ఇండీకార్‌లో అన్నిటికంటే పేరున్న రేసు ఇండియానాపోలిస్ 500 గెలిచిన వెల్డన్, తర్వాతి సీజన్‌కు రావాల్సిన కొత్త కారును స్వయంగా నడిపి పరీక్షించారు. ఒక కారు చక్రం మరో కారు చక్రం మీదికి ఎక్కి కారు ఎగిరిపోకుండా ఈ కొత్త కారు వెనక చక్రాలకు తయారీదారులు అడ్డు పెట్టారు. ఆ కారుకు ఆయన పేరు మీదే డీడబ్ల్యూ12 అని పేరు పెట్టారు. లాస్ వెగాస్‌లో మరుసటి ఏడాది రేసు కూడా మానుకున్నారు. ఆ వ్యాసంలో పూలగుచ్ఛాల ఫొటోలకు ఇచ్చిన చోటు వీటికి ఇచ్చి ఉండాల్సింది.